మంచు వడ్తది, మూతవెట్టు!

జలపతికి లోకంలో భయమంటూ ఉంటే అది మంచుకే. పాము ఎదురొస్తే "దాని తొవ్వన అది పోతది, మన తొవ్వన మనం పోదాం" అని పక్కకు జరుగుతాడు. గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్ పని చేసి వచ్చినవాడు కాబట్టి కరెంటు తీగలంటే బెదురు లేదు. అత్తగారన్నా బెదురు లేదు, అది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. కానీ పొద్దుగూకి, పసుపు చేల మీద చల్లగాలి తిరగడం మొదలయ్యేసరికి మనిషి గాబరా పడిపోతాడు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి తిరుగుతూ కనబడినదాని మీదల్లా ఏదో ఒకటి కప్పుతాడు. బండి సీటు మీద గోనెసంచి. డిష్ మీద పాత లుంగీ. పక్కింటివాళ్ల మిక్సీ బయట కనబడితే దాని మీద తన భుజం మీది తువ్వాలు.

"మంచు వడ్తది, మూతవెట్టు!" అన్నది ఆయన నోట్లో రామనామంలా ఆడుతుంటుంది. ఒకసారి బరాత్‌లో డీజే డబ్బాకు మంచు తగులుతుందని పెళ్లికొడుకు మేనత్త శాలువా తీసి దాని మీద కప్పాడు. డబ్బా బాగానే ఉంది, మేనత్తకు పడిశం పట్టింది. కథలాపూర్ దగ్గరి ఆ ఊళ్లో జలపతులు ఇద్దరున్నారు. ఒకాయన డీలర్ జలపతి, ఈయన మూతల జలపతి.

ఈ మూతల జలపతి భార్య రాజలక్ష్మి. ఆయన కప్పిన వస్తువుల్లో సగం, కప్పిన గుడ్డల్లో ముప్పాతిక ఆమెవే కాబట్టి ఈ సంగతులు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

మస్కట్ అవతల ఎడారిలో క్యాంపులో ఉన్నప్పుడు అక్కడి ఆకాశం చూసి జలపతికి చుక్కల పిచ్చి పట్టింది. ఊళ్లో మిగతావాళ్లు గల్ఫ్ నుంచి సెంటు సీసాలు, బంగారం, పులిబొమ్మ దుప్పటి తెస్తారు. జలపతి కూడా పులిబొమ్మ దుప్పటి తెచ్చాడు, దాంట్లో చుట్టి ఒక దుర్బిన్ తెచ్చాడు. చుక్కలను ఫొటో తీసే దుర్బిన్ అది. దానికొక కెమెరా, చుక్క ఎటు జరిగితే అటు మెల్లగా తిప్పే మోటారు, ఆ మోటారును నడిపించే చిన్న కరెంటు డబ్బా.

"బంగారం తెస్తవనుకుంటే గొట్టం తెచ్చినవా?" అంది రాజలక్ష్మి.

"గొట్టం కాదే. దీనితోని పిల్లలకోడి ఫొటో తీస్త. ఒక్కొక్క చుక్క ముత్యమోలె కనవడ్తది."

చలికాలం ఆకాశంలో గుంపుగా కనబడే సన్నటి చుక్కలను ఆ పక్క అందరూ పిల్లలకోడి అనే అంటారు. ఆ ఒక్క ఫొటో తీసి గోడకు తగిలించాలన్నది జలపతి కోరిక. ఇప్పటిదాకా తీయలేదు. మొదటి చలికాలం డాబా మీద దుర్బిన్ నిలబెట్టి, కరెంటు డబ్బాకు మంచు తగలకూడదని పాలిథిన్ కవరు గాలి దూరకుండా బిగించి చుట్టాడు. తెల్లారి విప్పితే లోపల నీళ్లు. డబ్బా ఖతం.

"ఉడకవెట్టిన పసుపు మీద కవరు బిగిస్తే చెమట వట్టదా?" అంది రాజలక్ష్మి.

"మరి ముందుగాల చెప్పద్దా?"

"నువ్వు కోడి ఫొటో అంటివి. పసుపు ముచ్చటని నాకెట్ల తెలుస్తది?"

ఆ వారమే ఊళ్లో ఇంకో సంగతి జరిగింది. బక్కయ్య అని, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పొలాలకు, ఊళ్లో తీరిక లేనివాళ్ల పొలాలకు పొద్దున్నే పోయి మోటార్లు వేసే మనిషి. మంచుకు తడిసిన స్టార్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టగానే కరెంటు కొట్టి మడిలో పడ్డాడు. జగిత్యాల దవాఖానలో చేర్చారు. ఊరంతా పండ్లు పట్టుకుని చూడటానికి పోయింది. జలపతి ఉత్త చేతులతో పోయి మంచం పక్కన కూర్చున్నాడు.

"బక్కన్నా, డబ్బకు మూత ఉండెనా, లేకుండెనా?"

"మూతేడిది జలపతన్నా, ఎన్నడో ఊడిపోయింది."

"లోపట మంచు చుక్కలు చుక్కలుగ ఉండెనా, పొరలెక్క ఉండెనా?"

బక్కయ్య భార్య రూతమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మనిషెట్లున్నడని అడగవా అన్నా?"

"ఎట్లున్నడో కనవడ్తనే ఉన్నడు గద చెల్లె. మంచు సంగతి చెప్పనియ్యి."

రాజలక్ష్మి సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేరే సీట్లో కూర్చుంది. ఆ ముచ్చట ఊళ్లో పాకింది. మనిషికి కరెంటు కొడితే మూతల జలపతికి డబ్బా మీదనే పానమట అని చాలా రోజులు నవ్వుకున్నారు. బక్కయ్య కోలుకుని మళ్లీ ఆ మోటార్ల పనికే పోయాడు. వేరే పని ఎవరిచ్చారు గనక.

జలపతి ఇంకో డబ్బా తెప్పించుకుని మంచు మీద పగబట్టాడు. దుర్బిన్ అద్దం చల్లబడితే మంచు పడుతుంది, వెచ్చగా ఉంటే పడదు. అందుకని రాజలక్ష్మి మోకాళ్ల నొప్పికి పెట్టుకునే వేడినీళ్ల సంచి తీసుకుపోయి దుర్బిన్ మెడకు కట్టాడు.

"నా మోకాళ్ల కన్న గా గొట్టం ఎక్కువైందా నీకు?"

"నీ మోకాళ్లు మంచుకు ఖరాబ్ కావే."

మోకాళ్లు ఎట్లా ఖరాబవుతాయో రాజలక్ష్మి వివరంగా చెప్పింది. జలపతి అప్పటికే డాబా ఎక్కేశాడు.

తర్వాత దుర్బిన్‌కు కోటు. కోరుట్లలో సామేలు అనే టైలర్ దగ్గరికి పోయి కొలతలు చెప్పాడు. మెడ ఇంత, నడుము ఇంత, చేతులు ఉండవు. సామేలు టేపు మెడలో వేసుకుని ఆలోచించాడు.

"మనిషికా అన్నా?"

"కాదు."

"గొడ్డుకా?"

"కాదు."

"మరి గీడ గుండీలెందుకే?"

"విప్పి కన్ను వెట్టి చూడాలె."

సామేలు టేపు తీసి కొలతలు రాసుకున్నాడు. కుట్టి ఇచ్చాడు. అప్పటినుంచి జలపతి బండి చప్పుడు వినబడితే షట్టర్ సగం దించుతాడు. ఆ కోటు మీద పులిబొమ్మ దుప్పటి కూడా కప్పడంతో వీధి కుక్క ఒకటి డాబా వైపు చూసి పొద్దుగూకులూ మొరిగేది.

ఇక దుర్బిన్ చూడటానికి వచ్చినవాళ్లకు ఒక నియమం. అద్దం దగ్గర ఊపిరి బిగబట్టాలి. మనిషి ఊపిరిలో చెమ్మ ఉంటుంది, అద్దం మసకబారుతుంది. వార్డు మెంబరు ఎల్లేశం ఒకసారి కన్ను పెట్టి, చందమామను చూసి పట్టలేక "అబ్బా!" అన్నాడు. అద్దం తెల్లగైపోయింది.

"దిగు తమ్మీ" అన్నాడు జలపతి. "నీ నోట్లె మస్తు చెమ్మ ఉన్నది."

పదిమందిలో అన్న మాట. ఎల్లేశం మర్చిపోలేదు.

అన్నిటికంటే పెద్ద ఆయుధం నీలం గింజలు. కొత్త చెప్పుల డబ్బాలో చిన్న పొట్లం ఉంటుంది కదా, ఆ జాతివే. చెమ్మ పీలుస్తాయి, పీల్చి పీల్చి గులాబీ రంగుకు మారతాయి. పెనం మీద వేయిస్తే మళ్లీ నీలం. రాజలక్ష్మి రొట్టెల పెనం ఒకటి గింజల పాలైంది, ఆమె ఇంకో పెనం కొనుక్కుంది. ఆ గింజలను గుడ్డ మూటలుగా కట్టి కరెంటు డబ్బాలో పెడతాడు. మూటకు గాలి ఆడే నూలు గుడ్డే కావాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే లంగ గుడ్డను మించింది లేదని ఆయన పరిశోధన చేసి తేల్చాడు. పరిశోధన దండెం మీద ఆరేసిన రాజలక్ష్మి ఎర్ర లంగ మీద జరిగింది.

"నా ఎర్ర లంగేదయ్యా?"

"దుర్బిన్‌కు పనికచ్చింది."

"మొత్తం లంగనా? నీ దుర్బిన్‌ది నడుమెంతుంటది?"

జలపతి బండి తీశాడు. ఈ మధ్య పొద్దుగూకే వేళకు సంచి తగిలించుకుని పొలాల వైపు పోతున్నాడు. చుక్కలు చూడటానికి ఎక్కడ చీకటిగా ఉందో చూసొస్తానంటాడు. చీకటి చూడటానికి సంచి ఎందుకో రాజలక్ష్మికి అర్థం కాలేదు. రెండు రోజులకోసారి పెనం నిండా గింజలు వేయించడం కూడా అర్థం కాలేదు. అగ్గిపెట్టెలాంటి డబ్బా అంత చెమ్మ తాగుతుందా? పిచ్చి ముదిరిందని సరిపెట్టుకుంది.

ఈ చలికాలంలో ఒక సాయంత్రం బక్కయ్య కోరుట్లకు పోయాడు. అందుకని ఎల్లేశం తన మోటారు బందు చేయడానికి తానే పొలానికి పోయాడు. ఏ బటన్ నొక్కాలో తెలియక స్టార్టర్ డబ్బా తెరిచాడు. లోపల ఎర్రగుడ్డ మూట వేలాడుతోంది. కర్రతో లాగి విప్పితే నీలం గింజలు. ఇంట్లోకి తేవడానికి గుండె చాలలేదు. వాకిట్లో పెట్టి గంప బోర్లించాడు. తెల్లారి గంప ఎత్తితే గింజలు గులాబీ రంగులో ఉన్నాయి.

ఆయన వేసిన కేకకు వీధి వీధంతా లేచింది. "రాత్రి నీలంగ ఉండె, తెల్లారెసరికి రంగు మారినయ్!" అని ఒట్టు పెట్టాడు. గులాబీ రంగు నోటి నుంచి నోటికి పోయేసరికి నెత్తురు రంగైంది. అందరూ పొలాలకు ఉరికారు. ఏ డబ్బాలో చూసినా ఎర్ర మూటే. ముట్టుకునే ధైర్యం లేక కర్రలతో ఎత్తి తెచ్చి పంచాయతీ ఆఫీసు ముందు కుప్ప పోశారు.

"మంత్రాలు! మన మోటర్లు కాలిపోవాల్నని ఎవలో చేసిన్రు!"

ఎవరు చేశారన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పోచమ్మ ఉంది కదా. ముసలిది, ఒక్కతే ఉంటుంది. మంచు ఆరకముందే పొలాల గట్ల మీద ఆకుకూర కోసుకుంటూ తిరుగుతుంది. తనలో తాను మాట్లాడుకుంటుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? గుడిసెలోంచి పిలిపించి కుప్ప ముందు నిలబెట్టారు.

"డబ్బల కాడ తిర్గుతుంటే చూసినం నిన్ను" అన్నాడు ఎల్లేశం.

"తిర్గుత. పొనగంటికూర గట్టు మీద గాక నీ ఇంట్ల మొలుస్తదా?"

"పండ్లు రాలగొడ్తే నిజం చెప్తది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పోచమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఉన్నయే రెండు. మక్క కంకికని దాసుకున్న కొడుకా."

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం చూసి రాజలక్ష్మికి నిజంగా భయమేసింది. ఇలాంటి మాట మొదలైతే మాటతో ఆగదని ఆమెకు తెలుసు. ఆ మూటలు ఏమిటో కూడా తెలుసు, కుప్పను చూడగానే గుర్తుపట్టింది. జలపతి పొద్దున్నే గుడ్డ కోసం సిరిసిల్లకు పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇప్పుడు తాను నోరు విప్పితే మంత్రగాడన్న పేరు మొగుడికి వస్తుంది, విప్పకపోతే పోచమ్మకు వస్తుంది. పైగా నడి ఊళ్లో, ఇంతమంది మగవాళ్ల ముందు, విప్పాల్సింది లంగ ముచ్చట.

పోచమ్మ జనంలో ఒక్కో ముఖమే చూస్తోంది. చూసిన ముఖమల్లా పక్కకు తిరుగుతోంది. ఆ చూపు తన దాకా వచ్చేసరికి రాజలక్ష్మి ఆగలేకపోయింది.

"గది మంత్రం కాదు" అంది ముందుకు వచ్చి. "గది నా లంగ."

ఎల్లేశం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందీ?"

"నా ఎర్ర లంగ. నాడ కాడ చినిగితే పచ్చ దారంతోని నేనే కుట్టిన. ఎతుకుండ్రి, కనవడ్తది."

ఊరి పెద్దమనుషులు వంగి మంత్రాల కుప్పలో పచ్చ దారం వెతికారు. ఒక మూట మీద దొరికింది. ఎల్లేశం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి వదినె, నీ లంగ నా స్టార్టర్‌ల ఎందుకున్నది?"

అడిగాక గానీ ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయనకు తట్టలేదు. ఎల్లేశం భార్య అక్కడే ఉంది. ఆమె కొంగు బిగించుకుని మొగుడి వైపు రెండడుగులు వేసింది.

అంతలో జలపతి బండి వచ్చింది, వెనక సిరిసిల్ల గుడ్డల కట్ట. బండి దిగీ దిగకముందే ఆయన కళ్లు కుప్ప మీద పడ్డాయి. జనం కనబడలేదు, కర్రలు కనబడలేదు, భార్య కూడా కనబడలేదు.

"గివి బయట ఎవలు వెట్టిన్రు? రాత్రంత బయటనే ఉన్నయా? మొత్తం గులాబైనయ్! అరే, మంచు వడ్తదని తెల్వదా మీకు?"

"గివి నువ్వే వెట్టినవా?" అన్నాడు ఎల్లేశం.

"నేను గాక ఎవలు వెడ్తరు? ఫ్యూజు తీసి, మూత లేనియ్యిటికి మూత బిగించి, సందులకు సైకిల్ ట్యూబు అంటిచ్చి, లోపట మూట గట్టిన. ఇప్పుడు మల్ల అన్ని కట్టాలె!"

మూతలు కొత్తవి వచ్చిన మాట నిజమే. పొలాలవాళ్లు బక్కయ్య పెట్టాడనుకున్నారు, బయటి బటన్ నొక్కడమే తప్ప లోపల చూడని బక్కయ్య పొలాలవాళ్లు పెట్టారనుకున్నాడు. ఆ బక్కయ్య జనంలోంచి ముందుకు వచ్చాడు.

"జలపతన్నా, ఈసారి చలికాలం ఏ డబ్బ ముట్టినా జివ్వుమంటలేదు. దేవుని దయ అనుకున్న. రూతమ్మ చర్చిల సాక్ష్యం గూడ చెప్పింది."

"దేవుని దయనే" అన్నాడు జలపతి. "నేను మూతవెట్టిన, గంతే."

"ముందుగాల ఒక మాట చెప్పచ్చు గద?" అన్నాడు ఎల్లేశం.

"చెప్పిన. పోయినేడు ఒక్కొక్కరింటికి తిరిగి డబ్బలకు మూతవెట్టుండ్రి అని చెప్పిన. నవ్విన్రు. అందరికన్న నువ్వే ఎక్కువ నవ్వినవ్ తమ్మీ. నా డబ్బ, బక్కన్న ముట్టిన డబ్బ ఒక్క మంచుకే ఖరాబైనయ్. నా డబ్బ పోతే ఇంకోటి తెచ్చుకున్న. బక్కన్న పోతే ఏడికెళ్లి తెస్తం?"

రాజలక్ష్మికి జగిత్యాల దవాఖాన గుర్తొచ్చింది. మూత ఉండెనా, చుక్కలుగా ఉండెనా, పొరలా ఉండెనా అని ఈ మనిషి ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది. అనవసరంగా వేరే సీట్లో కూర్చున్నందుకు బాధ అనిపించింది, చెప్పకుండా ఇంత చేసినందుకు నాలుగు తిట్టాలనీ అనిపించింది. కళ్లు తడైతే కొంగుతో గబగబా తుడుచుకుంది. తడి కనబడితే దాని మీద కూడా ఏదో ఒకటి కప్పుతాడు.

ఇంటికి మనిషిని పంపి పెనం తెప్పించారు. ఊరంతా చూస్తుండగా జలపతి గింజలు వేయించాడు. గులాబీ రంగు మెల్లగా నీలమైంది. జనం "ఓ" అన్నారు.

"ఏమన్న సదవాల్నా అన్నా వేయించెటప్పుడు?" అని ఎల్లేశం మెల్లగా అడిగాడు. ఆయనకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

"సదవాలె. మంచు వడ్తది, మూతవెట్టు అని మూడుసార్లు."

ఎల్లేశం పోచమ్మ ముందుకు పోయి చేతులు జోడించాడు. "తప్పైంది అవ్వా."

"తప్పు సంగతి తర్వాత" అంది పోచమ్మ. "పండ్లు రాలగొట్టుమన్నోడెవడో గాని, వానితోని మక్క కంకులు పంపు కొడుకా. లేతయి."

ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లు పాత లంగలు తెచ్చి రాజలక్ష్మి వాకిట్లో పడేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏ స్టార్టర్ డబ్బా తెరిచినా ఏ రంగు మూట ఎవరి ఇంటిదో ఊరంతటికీ తెలుసు. మూటలు కట్టి ఇచ్చేది పోచమ్మ. ఎల్లేశం మాత్రం తన డబ్బాలోకి తన భార్య లంగ గుడ్డే వేయించుకున్నాడు. ఆ విషయంలో ఆయనకు ఛాయిస్ లేదు.

ఒకరోజు చీకటి పడగానే జలపతి ఆకాశం చూసి సంబరపడ్డాడు. మబ్బు లేదు, పిల్లలకోడి తేటగా కనబడుతోంది. ఈరోజు ఫొటో ఖాయమన్నాడు. కెమెరా బిగించాడు, వేడినీళ్ల సంచి మెడకు కట్టాడు. అప్పుడే మూటల గంప ఇవ్వడానికి పోచమ్మ వచ్చింది.

"గా గొట్టంల కోడి కనవడ్తదట గద కొడుకా?"

ఆ వయసులో ఆమె డాబా ఎక్కలేదు. జలపతి ఒక్క క్షణం ఆకాశం వైపు, ఒక్క క్షణం పోచమ్మ వైపు చూసి, దుర్బిన్‌ను వాకిట్లోకి దించాడు. కెమెరా తీసి చూసే గొట్టం పెట్టాడు. పోచమ్మ కుర్చీలో కూర్చుని కన్ను ఆనించింది. ఊపిరి బిగబట్టాలని ఎవరైనా చెప్పేలోపే మాటలు మొదలుపెట్టింది. తన చిన్నప్పుడు ఆ కోడి ఎంత పెద్దగా ఉండేదో, వాళ్లమ్మ ఆ కోడిని చూసి పొద్దు ఎట్లా చెప్పేదో, అన్నీ గొట్టంలోకే చెప్పింది. రాజలక్ష్మి పక్కనుంచి తొంగి చూసింది. అద్దం పాలు పోసినంత తెల్లగా ఉంది. దాంట్లోంచి కోడి కాదు కదా, ఏనుగు కూడా కనబడదు.

జలపతి నోరు తెరిచాడు. రాజలక్ష్మి ఊపిరి బిగబట్టింది.

"కనవడ్తుందా అవ్వా?" అన్నాడు.

"కనవడకేంది కొడుకా! కోడున్నది, పిల్లలున్నయ్. ఒగటి ఎన్కవడ్డది పాపం, ఉరుకుతున్నది."

"సక్కగ చూడు. తొందరేం లేదు."

అని దుర్బిన్ మెడకున్న వేడినీళ్ల సంచి విప్పి ముసలామె మోకాళ్ల మీద పెట్టాడు. రాజలక్ష్మి ఇంట్లోకి పోయి పులిబొమ్మ దుప్పటి తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది.

"మంచు వడ్తది" అంది మొగుడి వైపు చూసి.

పిల్లలకోడి ఫొటో ఆ రోజు కూడా రాలేదు. దుర్బిన్ ఉత్త మెడతో, పోచమ్మ మాటలు వింటూ, చాలాసేపు వాకిట్లో నిలబడింది.